కొత్త సీట్ల కోసం అరువు తెచ్చిన డాక్టరు

మత్తు డాక్టరుకు ఎవరూ దండం పెట్టరు. కళ్ళు మూతపడే ముందు పేషెంటు చూసేది మా మొహమే. తెలివొచ్చాక అడిగేది మాత్రం సర్జన్ గారెక్కడ అని. ఇది మనసుకు కష్టమనిపించే పిల్లలు ఈ బ్రాంచికి రావద్దు. చర్మవ్యాధులకు పొండి, కంటినిండా నిద్రయినా ఉంటుంది.

నేను జంటనగరాల్లో ప్రభుత్వాసుపత్రుల్లోనే పనిచేసి, విభాగాధిపతిగా రిటైరయ్యాను. కార్ఖానా అనే ఏరియాలో ఉంటాను. ఈ మధ్య మా వీధిలో ఒక అమ్మాయికి అనస్థీషియా పీజీలో సీటొచ్చింది. స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చి, "ఆంటీ, ఈ జాబ్ ఎట్లుంటది?" అని అడిగింది. బాగుంటుందమ్మా అన్నాను. ఆ పూట అంతకంటే చెప్పబుద్ధి కాలేదు. చెప్పకుండా మింగింది ఇక్కడ రాస్తున్నాను. ఆస్పత్రి పేరు రాయను. నేను పనిచేసిన చోట్లన్నీ ఇంచుమించు ఒకటే కథ.

సీట్లు ఎందుకు అడిగాం

బయటివాళ్ళు పీజీ సీటంటే చదువనుకుంటారు. ప్రభుత్వాసుపత్రిలో పీజీ అంటే చేతులు. సెలైన్ ఎక్కించేది, రక్తం కోసం పరిగెత్తేది, అర్ధరాత్రి కేసుకు ఊపిరి గొట్టం వేసేది ఆ పిల్లలే. మేం ప్రొఫెసర్లం వెనక నిలబడి గదమాయిస్తాం. ఒక సీటు తగ్గితే ఒక ఆపరేషన్ టేబుల్ మూతపడ్డట్టే.

అప్పట్లో మాకు టేబుళ్ళున్నాయి, సర్జన్లున్నారు, మత్తిచ్చేవాళ్ళు లేరు. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా ఉంచిన పేషెంట్లను సాయంత్రం "ఇవాళ కాదు, అన్నం తినండి" అని వార్డుకు పంపేవాళ్ళం. మల్కాజ్‌గిరి నుంచి ఒక పెద్దాయన హెర్నియాకు వచ్చేవాడు. రైల్వేలో చేసి రిటైరైనవాడు. ఇట్లా తిప్పి పంపినప్పుడల్లా కోప్పడకుండా తలగడ చంకలో పెట్టుకుని లోకల్ రైలెక్కేవాడు. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "మేడం, మీకు వీలు కాకుంటే ముందుగాల్నే చెప్పుండ్రి. ఉపాసముంటే షుగర్ పడిపోతున్నది" అన్నాడు. కోప్పడినా బాగుండేది.

మా పిల్లల సంగతి సరే సరి. నవీన అని రెండో సంవత్సరం పీజీ ఉండేది, బొల్లారం అమ్మాయి. చురుకైంది, నాకు చాలా ఇష్టం. ఒకరోజు డ్యూటీ మీద డ్యూటీ పడి, నాతో మాట్లాడుతూనే గోడకు ఆనుకుని నిద్రపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మాట మాత్రం మధ్యలో ఆగిపోయింది. అట్లాంటి పిల్ల చేతిలో మనుషుల ఊపిరి పెడుతున్నామని ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

అప్పటి మా సూపరింటెండెంట్ రాఘవరావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, సర్జన్. నేను చూసిన పైఅధికారుల్లో మంచివాడు. ఈ మాట ముందే చెబుతున్నాను. తర్వాత జరిగింది చదివి ఆయన్ని చెడ్డవాడనుకోవద్దు. చెడ్డవాడైతే అసలు సీట్ల కోసం తిరిగేవాడే కాదు. ఆయనా నేనూ కలిసి మత్తు విభాగానికి కొత్త సీట్లు కావాలని సచివాలయం మెట్లు ఎక్కి దిగాం.

సర్దుకోండ్రి

ఆర్థిక శాఖలో మా ఫైలు చూసిన అధికారి తెలివైనవాడు. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఒక సీటంటే మూడేళ్ళ స్టైపెండే కాదని ఆయనకు మా కంటే బాగా తెలుసు. దాని వెనక పాఠం చెప్పే ప్రొఫెసరుండాలి, హాస్టల్లో గదుండాలి, టేబులుండాలి, మానిటరుండాలి. అవన్నీ కలిపితే ఎంత బరువో తన నోటితో తనే వివరించాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు.

"స్టైపెండ్ వరకు ఇస్తం మేడం. సీట్లు రానియ్యుండ్రి. కానీ కొత్త ప్రొఫెసర్ పోస్టులు గిట్ల అడగకుండ్రి. ఉన్నోళ్లతోని జెర సర్దుకోండ్రి."

మేం పొంగిపోయాం. మెట్లు దిగుతూ రాఘవరావు గారు నాకు మిర్చిబజ్జీలు కూడా కొనిపెట్టారు. సర్దుకోండి అన్న మాట మా ఉద్యోగాల్లో రోజూ వినేదే, చెవికి ఎక్కలేదు. ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ అంటుండేది. ఆ రోజు అది కూడా గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ అధికారి అబద్ధం ఆడలేదు. ఒక డాక్టరును తయారు చెయ్యడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు తగ్గదు. సర్కారు తన వంతు పెట్టకపోతే అది గాలిలో కలిసిపోదు, ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఎవరి నెత్తిన అనేది ఆ గదిలో ఎవరమూ అడగలేదు.

పెళ్ళిచూపులకు కుర్చీలు

కొత్త సీట్లు ఇవ్వాలంటే వైద్య మండలి నుంచి తనిఖీకి వస్తారు. ఇంతమంది పీజీలకు ఇంతమంది ప్రొఫెసర్లుండాలని లెక్క. ఆ రోజు పొద్దున విభాగంలో డాక్టర్లందరూ తెల్లకోట్లు వేసుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చోవాలి. తనిఖీకి వచ్చినాయన ఒక్కొక్కరినీ పిలిచి, మొహం చూసి సంతకం పెట్టించుకుంటాడు. సంతకాలయ్యేదాకా కదలకూడదు. హాల్లో లేని డాక్టరు ఉద్యోగంలో లేనట్టే.

మాకు మనుషులు తక్కువ. కాబట్టి అందరూ చేసే పనే మేమూ చేశాం. పెళ్ళిచూపులకు పక్కింటి కుర్చీలు తెచ్చి వేసినట్టు, జిల్లా ఆస్పత్రుల నుంచి డాక్టర్లను రప్పించాం. ఆర్డరు మా శాఖ నుంచే వస్తుంది. తాత్కాలిక బదిలీ అంటారు. వాళ్ళు వస్తారు, కూర్చుంటారు, సంతకం పెట్టి పోతారు. ఇందులో తప్పుందని కూడా ఎవరికీ అనిపించదు. ఊళ్ళో పెళ్ళయితే కుర్చీలు ఇవ్వమా? పక్కింటివాళ్ళు ఆ పూట కింద కూర్చుంటారు, అంతే కదా అనుకుంటాం. ఆ ఇంట్లో కింద కూర్చోలేని మనిషి ఉంటే ఎట్లా అని ఎవరూ ఆలోచించరు.

అట్లా వచ్చినవాడు సుధాకర్. నా దగ్గరే చదువుకున్నాడు. మాకు రెండు గంటల దూరంలో ఉన్న ఒక ఊరి ఏరియా ఆస్పత్రిలో పనిచేసేవాడు. ఆ ఆస్పత్రికి ఉన్న మత్తు డాక్టరు అతనొక్కడే. చేతిలో చిన్న బ్యాగు పట్టుకుని నా గదికి వచ్చి, "రెండు రోజులే అన్నరు మేడం, నిజమేనా?" అని అడిగాడు. అక్కడ ఒక గర్భిణి ఉందట, పేరు స్వరూప, తొలి కాన్పు. గర్భంలో మాయ కిందికి ఉంది, నొప్పులొస్తే రక్తం ఆగదు కాబట్టి ముందే ఆపరేషన్ చెయ్యాలని తేదీ పెట్టుకున్నారట. ఆమె భయపడుతుంటే నేనుంటాగా అని ధైర్యం చెప్పి వచ్చాడట. లేడీ డాక్టరుతో మాట్లాడి ఆపరేషన్ రెండు రోజులు వాయిదా వేయించి బయలుదేరాడు.

తనిఖీ వాయిదా పడింది. రేపంటారు, ఎల్లుండి అంటారు. సుధాకర్ వెళ్ళిపోతానన్నాడు. నేను అతన్ని పంపించి సిటీలోనే ఇంకెవర్నైనా సర్దమని రాఘవరావు గారిని అడిగాను. సిటీలో అన్ని కాలేజీలకూ ఇదే తనిఖీ ఉందని, అతను పోతే లెక్క తప్పుతుందని, లెక్క తప్పితే సీట్లన్నీ పోతాయని ఆయన అన్నారు. ఆ ఒక్క మనిషి మీద అంత ఆధారపడి ఉందన్నది నిజమే. సుధాకర్ రోజూ పొద్దున తెల్లకోటు వేసుకుని వచ్చి మా విభాగంలో కూర్చునేవాడు. ఊరికే కూర్చోలేక మా పిల్లలకు వెన్నులో సూది ఎట్లా దించాలో చూపించేవాడు. మధ్యమధ్యలో వరండాలోకి పోయి లేడీ డాక్టరుకు ఫోన్ చేసి వచ్చేవాడు.

హాల్లో కూర్చున్న రోజు

చివరికి తనిఖీ వచ్చింది. మత్తు డాక్టర్లందర్నీ థియేటర్లలోంచి తెచ్చి లెక్చర్ హాల్లో కూర్చోబెట్టారు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టమన్నారు. ఆస్పత్రిలో మత్తు డాక్టర్లు సరిపడా ఉన్నారని చూపించడానికి ఒక్క మత్తు డాక్టరును కూడా థియేటర్లో మిగల్చలేదు. ఎమర్జెన్సీ టేబుల్ దగ్గర ఇంకా చదువుతున్న నవీనను ఒక్కదాన్నే పెట్టాం. ఈ వాక్యం నేను ఎన్నిసార్లు తలచుకున్నానో నాకే తెలియదు.

తనిఖీకి వచ్చినాయన వేరే విభాగంలో ఉన్నాడు. మేం ఎదురుచూస్తున్నాం. తలుపు దగ్గర ఏదో గొడవ వినిపించింది. థియేటర్ ఆయమ్మ లోపలికి వస్తానంటోంది, సెక్యూరిటీ అతను వదలడం లేదు. నవీన మేడం పంపింది, ఫోన్లు ఎవరూ ఎత్తుతలేరు, రక్తం పోతున్న గర్భిణి వచ్చింది అని ఆమె గట్టిగా చెబుతోంది. ఎక్కడి నుంచి అని ఎవరో అడిగారు. ఆయమ్మ ఊరి పేరు చెప్పింది.

సుధాకర్ లేచాడు. ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు కింద పడింది, తీసుకోలేదు. రాఘవరావు గారు ఎదురొచ్చి, ఆయన వచ్చేస్తున్నారు, రెండు నిమిషాల్లో సంతకం పెట్టి వెళ్ళండి నాయనా అన్నారు. సుధాకర్ ఆయన్ని దాటుకుని వెళ్ళిపోయాడు. నేనూ అతని వెనకే పరిగెత్తాను.

టేబుల్ మీద ఉన్నది స్వరూపే. తెల్లవారుజామున రక్తం మొదలైందట. ఊళ్ళో ఆస్పత్రికి తీసుకుపోతే, మత్తు డాక్టరు లేడని లేడీ డాక్టరు అంబులెన్సు ఎక్కించి మా దగ్గరికి పంపింది. తనకు మత్తివ్వాల్సిన డాక్టరు ఎక్కడున్నాడో అక్కడికే, రెండు గంటలు రక్తం కార్చుకుంటూ వచ్చింది. ఒళ్ళు పాలిపోయింది కానీ మనిషికి తెలివి ఉంది. సుధాకర్‌ను చూసి గుర్తుపట్టింది. "సార్, మీరు ఈడున్నరా" అంది. అంతే. మాస్కు పెట్టే ముందు అతను ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు.

పాప బతికింది. స్వరూప బతకలేదు. రక్తం ఎక్కిస్తూనే ఉన్నాం, అక్కడున్న అందరికీ తెలిసిన విద్యంతా వాడాం. ఆయమ్మను తలుపు దగ్గర ఆపిన ఆ కాసేపట్లోనే పోయిందని నేను చెప్పలేను. అందువల్ల పోలేదని కూడా చెప్పలేను. దారిలో పోయిన రెండు గంటల గురించి మాత్రం నాకే అనుమానమూ లేదు.

బయటికి వస్తే తనిఖీకి వచ్చినాయన థియేటర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాఘవరావు గారే తీసుకొచ్చారు. పెద్దమనిషి, లోపల ఏం జరిగిందో అర్థమైంది. తల వంచుకుని కాగితం ముందుకు జరిపాడు. సుధాకర్ గ్లవ్స్ తీసి, తను ఈ ఆస్పత్రిలోనే పనిచేస్తున్నట్టు సంతకం పెట్టాడు. సీట్లు వచ్చాయి.

నర్సింహులు అడిగింది

పాప నెలలు నిండకుండా పుట్టింది కాబట్టి కొన్నాళ్ళు మా దగ్గరే ఉంచాల్సి వచ్చింది. స్వరూప భర్త నర్సింహులు ఆటో నడుపుతాడు. దినాలు కాగానే వచ్చి పిల్లల వార్డు బయట బెంచీ మీద కూర్చునేవాడు. భార్య ఆ రోజు ఎందుకు చనిపోయిందో అతనికెవరూ సరిగా చెప్పలేదు. సుధాకర్ సెలవులో ఉన్నాడని చెప్పమని పైనుంచి ఫోన్ వచ్చింది. సుధాకర్ వినలేదు. నన్ను తోడు రమ్మన్నాడు. ఇద్దరం పోయి బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాం.

సుధాకర్ తను ఎక్కడున్నదీ ఎందుకున్నదీ చెప్పాడు. నర్సింహులు అరుస్తాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను. అతను నా వైపు తిరిగి అడిగాడు.

"ఈడ గింతమంది డాక్టర్లున్నరు గద మేడం. మల్ల మాకున్న ఒక్కర్ని ఎందుకు పిలిపిచ్చుకున్నరు?"

నేనే చెప్పాను. కొత్త డాక్టర్లను తయారు చెయ్యడానికి అన్నాను. దానికి ఎన్నేళ్ళు పడుతుందని అడిగాడు. మూడేళ్ళన్నాను. తల ఊపాడు.

"మంచిదే. తయారైనంక ఒకర్ని మా దిక్కు తోలుండ్రి."

అందులో వెటకారం లేదు. అట్లా జరుగుతుందని నమ్మే అన్నాడు. నేను సరేనన్నాను. అతను నా నంబరు అడిగి ఫోన్లో పెట్టుకున్నాడు.

తర్వాత

సీట్లు వచ్చాక అసలు సర్దుబాటు మొదలైంది. ఆ సీట్లు నిలబడాలంటే ఏటా ఆ లెక్క ఉండాలి. కొత్త పోస్టులు లేవు. కాబట్టి సుధాకర్ తాత్కాలిక బదిలీని శాశ్వతం చేశారు. వద్దని అతను రాశాడు, నేనూ రాశాను. అవసరాల దృష్ట్యా అన్న జవాబొచ్చింది. ఆ ఊళ్ళో అతని ఖాళీ అట్లాగే ఉండిపోయింది. థియేటర్ ఉంది, లేడీ డాక్టరు ఉంది, మత్తిచ్చే మనిషి లేడు. కాన్పు కష్టమైతే అంబులెన్సు. వాళ్ళంతా మా దగ్గరికే వస్తారు. మా కేసులు పెరిగాయి. మరిన్ని సీట్లు కావాలని మరుసటి ఫైల్లో రాసిన మొదటి కారణం అదే. ఆ ఫైలు చదివిన రోజు నేను అన్నం తినలేదు.

రాఘవరావు గారు రిటైరయ్యే రోజు సన్మానంలో అందరూ ఆయన తెచ్చిన సీట్ల గురించే పొగిడారు. ఆయన మైకు పట్టుకుని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. కారు దాకా సాగనంపితే, "ఆ అమ్మాయి పేరేంటమ్మా?" అని అడిగారు. చెప్పాను. పేరు మరిచిపోయి అడిగారని నేను అనుకోను. ఇంకొకరి నోటితో వినాలనిపించి ఉంటుంది.

సుధాకర్ పాఠం బాగా చెబుతాడు. కొత్త సీట్లలో చేరిన పిల్లలను వేలు పట్టి నడిపించింది అతనే. మూడేళ్ళకు ఆ మొదటి బ్యాచి బయటికొచ్చింది. సర్కారు ఖర్చుతో చదివినందుకు ఒక ఏడాది సర్కారు కొలువు చెయ్యాలి. ఒకర్ని ఆ ఊరికి పంపమని నేను రాశాను. మా ఆస్పత్రి వాళ్ళే, ఇక్కడే మనుషులు చాలడం లేదని ఇక్కడే ఉంచేశారు. ఆ ఏడాది కాగానే పిల్లలు కార్పొరేట్ ఆస్పత్రులకు పోయారు. నవీన అంతకుముందే పోయింది. ఎవర్నీ తప్పుపట్టను. గోడకు ఆనుకుని నిద్రపోయిన పిల్లను ఊళ్ళకు పొమ్మని చెప్పే నోరు నాకు లేదు.

నేను రిటైరవడానికి కొంచెం ముందు నర్సింహులు ఫోన్ చేశాడు. నేను గొంతు గుర్తుపట్టలేదు. ఆటో నర్సింహులునని, పాప బాగుందని చెప్పాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు.

"మేడం, మూడేండ్లన్నరు గద. తయారైన్రా?"

తయారయ్యారన్నాను. మీ దిక్కు ఎవరూ రాలేదన్నాను. తన చెల్లెలికి నెలలు నిండుతున్నాయని, ఊళ్ళో దవాఖానకు తీసుకుపోవాల్నా, సీదా మా దగ్గరికే తేవాల్నా అని అడిగాడు. దాని కోసమే ఫోన్ చేశాడు. సీదా ఇక్కడికే తీసుకురా, నొప్పులు వచ్చేదాకా ఆగకు అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనిచ్చిన సలహాల్లో అంత సరైనది లేదు, అంత సిగ్గుచేటైనదీ లేదు.

వాళ్ళు ముందుగానే వచ్చి రైల్వే స్టేషన్ వెనక సందులో గది తీసుకుని ఉన్నారు. నర్సింహులు ఆటో ఊళ్ళోనే వదిలి, పనీ పాటా లేకుండా ఆస్పత్రి ముందు తిరిగాడు. ఆ చెల్లెలికి మత్తిచ్చింది సుధాకరే. నేనూ పక్కన నిలబడ్డాను. తల్లీ బిడ్డా క్షేమం. మాస్కు తీసేసి ఇద్దరం బయటికొచ్చాం.

వరండాలో నర్సింహులు నిలబడి ఉన్నాడు. పక్కన రెండు జడల పాప, అతని చొక్కా పట్టుకుని ఉంది. సుధాకర్ ఆ పాపను చూసి ఆగిపోయాడు. ఆ థియేటర్లో మేం బయటికి తీసిన పాప. నర్సింహులు ఆమె వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు.

"సార్‌కు దండం పెట్టు బిడ్డా. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ తాన ఉన్నది సారే."

పాప రెండు చేతులూ జోడించి మొహం పైకెత్తింది. సుధాకర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ రెండు చేతులూ పట్టుకుని, విడదీసి, కిందికి దించాడు.